గిండీ కాలేజీలో తొలి ఆడపడుచులు



బావి దగ్గర మోటారు మీట నొక్కితే నీళ్ళు పడుతున్నవి. ఆ కరెంటు ఎక్కడో పుట్టి, కొండలూ కోనలూ దాటి, సబ్‌స్టేషనులో దిగి, ఆపైన మీ చేలోకి వస్తుంది. తీగ ఎంత లావుండాలి, లైనులో చెడు జరిగితే దానంతటదే ఎట్లా ఆగిపోవాలి, సబ్‌స్టేషనులో ఏ యంత్రం ఎక్కడ పెట్టాలి, ఇదంతా ముందుగా కాగితం మీద లెక్క కట్టేవారొకరుండాలి. మన దేశంలో ఆ పని చేసిన తొలి మహిళలలో ఒకరు తెలుగింటి ఆడపడుచు, అయ్యలసోమయాజుల లలితగారు.

ఆమె 1919 ఆగస్టు 27న మద్రాసులో పుట్టారు. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కాలేజీలో ఎలక్ట్రికల్ శాఖ ఆచార్యులు. అంతటి ఇంట్లోనూ ఇంజనీరింగు చదువు మగపిల్లలకే. లలితగారికి పదిహేనో ఏట పెళ్ళి చేశారు. పద్దెనిమిదో ఏట, 1937లో, భర్త పోయారు. ఒళ్ళో నాలుగు నెలల పసిబిడ్డ. ఆ కాలంలో ఆ వయసు విధవరాలి బతుకెట్లా ఉండేదో పెద్దల నోట మనమంతా విన్నదే.

ఆమె మళ్ళీ చదువు అందుకొన్నారు. క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియట్ మొదటి తరగతిలో ప్యాసయ్యారు. తరువాత ఏం చదవాలి? వైద్య విద్య అప్పటికే ఆడవారికి తెరిచి ఉన్నది. కాని డాక్టరుకు అర్ధరాత్రి పిలుపు వస్తుంది, బిడ్డను వదిలి పరుగెత్తాలి. అందుచేత ఇంజనీరింగు ఎంచుకొన్నారు. అదేదో పెద్ద ఆదర్శం కాదు, పసిబిడ్డ తల్లి వేసుకొన్న లెక్క. నాకు మాత్రం ఆమె తెలివి అక్కడే కనబడుతుంది.

గిండీ కాలేజీ 1794లో సర్వే బడిగా మొదలయింది. నూట నలభై ఏళ్ళు దాటినా చదివేది మగవారే. సుబ్బారావుగారు ప్రిన్సిపాలు చాకోగారితో మాట్లాడారు, విద్యాశాఖ డైరెక్టరు అనుమతీ సంపాదించారు. 1940లో సీటు దొరికింది. తోటి విద్యార్థులు మర్యాదగానే మసలుకొన్నారు. చిక్కల్లా ఒంటరితనం. వందల మంది మగపిల్లల నడుమ ఒక్కతె, హాస్టలులోనూ ఒక్కతె. బిడ్డ బంధువుల ఇంట పెరుగుతున్నది, వారానికొకసారి పోయి చూసి రావాలి.

అప్పుడు తండ్రి ఏం చేశారు? "ఎందుకొచ్చిన తంటా, ఇంటికి రా తల్లీ" అని పిలుచుకొని పోలేదు. ఆడపిల్లలకూ ప్రవేశమున్నదని కాలేజీ చేతనే ప్రకటన వేయించారు. దానితో లీలమ్మ జార్జి, పి.కె. థ్రేసియా సివిల్ ఇంజనీరింగులో చేరారు. విస్తరణ కార్యకర్తలకు ఈ సంగతి బాగా తెలుసు. కొత్త వంగడం ఒక్క చేలో వేస్తే ఊరంతా వింత చూస్తుంది. పక్క చేలవాళ్ళిద్దరు కూడా వేస్తే, ఇక మాట్లాడుకొనేది విత్తనం ధర గురించే!

యుద్ధకాలం గనుక చదువు కుదించారు. ముగ్గురూ ఒకేసారి పట్టాలు పుచ్చుకొన్నారు. లలితగారి పట్టా కాగితం మీద "అతడు" అనే అచ్చయి ఉన్నది. దాన్ని కొట్టివేసి "ఆమె" అని చేత్తో దిద్దవలసి వచ్చింది.

తరువాత జమాల్‌పూరు రైల్వే వర్క్‌షాపులో పని నేర్చారు, సిమ్లాలో ఉద్యోగం చేశారు. తండ్రి పరిశోధనలకూ తోడ్పడ్డారు. వాటిలో పొగరాని పొయ్యి ఒకటి. వంటింటి పొగలో కళ్ళు మండిన అమ్మలకు దాని విలువ వేరే చెప్పాలా! 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ కంపెనీలో చేరి, ఉద్యోగ విరమణ దాకా కరెంటు లైన్ల, సబ్‌స్టేషన్ల నమూనాలు గీశారు. పంజాబు పొలాలకు నీరూ వెలుగూ ఇచ్చిన భాక్రా-నంగల్ విద్యుత్ పనులలోనూ ఆమె చెయ్యి ఉన్నది. 1964లో న్యూయార్కులో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల తొలి అంతర్జాతీయ సభకు వెళ్ళివచ్చారు. 1979లో, అరవయ్యో ఏట కన్నుమూశారు.

ఆ ప్రకటన చూసి చేరిన థ్రేసియాగారు 1971లో కేరళ ప్రభుత్వపు చీఫ్ ఇంజనీరు అయ్యారు.