హౌస్ సర్జన్ నుంచి ఇంటర్న్ వరకు: పని నేర్పే పద్ధతి నడిచిన దారి



గోపన్‌పల్లి, నల్లగండ్ల, తెల్లాపూర్ ప్రాంతాల్లో ఇంజినీరింగు చదివే పిల్లలున్న ఇండ్లలో నేడు రెండు ప్రశ్నలు తరచుగా వినిపిస్తున్నాయి. "ఇంటర్న్‌షిప్ దొరికిందా?" అన్నది మొదటిది. "ఫైనలియర్ ప్రాజెక్టు ఎంతవరకు వచ్చింది?" అన్నది రెండవది. ఈ రెంటి చుట్టూ తల్లిదండ్రుల ఆందోళన, పిల్లల నిద్రలేమి, కొన్ని చోట్ల పెద్దమొత్తంలో డబ్బు కూడా తిరుగుతున్నాయి. ఆరోగ్య విషయాలు వ్రాసే ఈ పుటలో దీని ప్రసక్తి ఎందుకని మీరు అడగవచ్చు. కారణాలు రెండు. ఇంటర్న్ అన్న మాట పుట్టినది కంపెనీలలో కాదు, ఆసుపత్రులలో. శిక్షణ పేరిట యువకుల ఆరోగ్యం ఎట్లా దెబ్బతింటుందో, దానిని ఎట్లా కాపాడుకోవచ్చునో కూడా మొదట వైద్యరంగమే అనుభవపూర్వకంగా తెలుసుకున్నది. ఆ చరిత్రను కొంత తెలుసుకుంటే నేటి విద్యార్థి తనకు దొరికిన అవకాశం శిక్షణయో, కేవలం కాగితమో తేల్చుకోగలుగుతాడు.

మాట పుట్టిన చోటు

పూర్వం వైద్యమైనా, వడ్రంగమైనా గురువు దగ్గర చేరి నేర్చుకొనవలసినదే. ఇంగ్లండులో 1815 నాటి అపోతికరీల చట్టం ప్రకారం మందులిచ్చే వైద్యుడు కావాలంటే 5 సంవత్సరాలు ఒకరి వద్ద శిష్యరికం చేసి, ఆపై ఆసుపత్రి వార్డులలో కొంతకాలం తిరిగి చూడవలసి ఉండేది. అంతకు ముందే, 1802లో, పారిస్ నగరపు ఆసుపత్రులు పోటీ పరీక్ష ద్వారా విద్యార్థులను ఎంపిక చేసే విధానం ప్రారంభించాయి. ఎంపికైన వారిలో ఆసుపత్రి లోపలనే నివసిస్తూ రాత్రింబవళ్లు రోగులను కనిపెట్టుకొని ఉండేవారిని ఇంటర్న్‌లనీ, బయటినుంచి వచ్చి పోయేవారిని ఎక్స్‌టర్న్‌లనీ పిలిచేవారు. లోపల ఉండేవాడు కనుక ఇంటర్న్. మన దేశంలో బ్రిటిష్ సంప్రదాయం వలన "హౌస్ సర్జన్" అన్న మాట స్థిరపడింది. నేటికీ మన ప్రభుత్వాసుపత్రులలో ఆ మాటే చెల్లుబాటులో ఉన్నది.

1889లో అమెరికాలోని బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి ప్రారంభమైంది. అక్కడ విలియం ఆస్లర్ విద్యార్థులను ఉపన్యాస మందిరం నుంచి రోగి మంచం పక్కకు తీసుకొనివచ్చాడు. విలియం హాల్‌స్టెడ్ శస్త్రచికిత్సలో క్రమక్రమంగా బాధ్యత పెంచుతూ పోయే రెసిడెన్సీ పద్ధతిని రూపొందించాడు. మొదట చూడటం, తరువాత సహాయం చేయటం, ఆపై పెద్దల కనుసన్నలలో స్వయంగా చేయటం, చివరకు ఇతరులకు నేర్పటం: ఇదీ ఆ మెట్ల వరుస.

అయితే అదే కాలంలో అమెరికాలో డబ్బు చెల్లిస్తే పట్టా ఇచ్చే వైద్య పాఠశాలలు కూడా విస్తారంగా ఉండేవి. అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అనే విద్యావేత్త అమెరికా, కెనడాలలోని 155 వైద్య పాఠశాలలను పరిశీలించి 1910లో నివేదిక వెలువరించాడు. ఆసుపత్రి అందుబాటులో లేనివి, ప్రయోగశాల పేరుకు మాత్రమే ఉన్నవి ఎన్నో ఆయన కంటబడ్డాయి. రోగిని ముట్టుకోకుండానే వైద్యులుగా బయటికి వచ్చేవారుండేవారని దీని అర్థం. నివేదిక తరువాత అటువంటి పాఠశాలలు పెద్ద సంఖ్యలో మూతపడ్డాయి. ఆ సంస్కరణ వలన నష్టమూ జరిగింది. నల్లజాతివారికోసం ఉన్న 7 కళాశాలలలో 5 మూతపడి, ఆ సమాజానికి వైద్యుల కొరత దీర్ఘకాలం మిగిలింది. నాణ్యత కోసం తలుపులు బిగించేటప్పుడు ఎవరు బయట మిగిలిపోతున్నారో చూడాలన్నది కూడా ఆ చరిత్ర చెప్పే పాఠమే.

హైదరాబాదు నేర్పిన పాఠం

ఇక మన ఊరి సంగతికి వద్దాం. 1846లో నాలుగవ నిజాం నాసిరుద్దౌలా కాలంలో, రెసిడెన్సీ వైద్యుడు విలియం క్యాంప్‌బెల్ మెక్‌లీన్ ఆధ్వర్యంలో హైదరాబాదు వైద్య పాఠశాల వెలసింది. బోధన తొలినాళ్లలో ఉర్దూలో సాగింది. నేటి ఉస్మానియా వైద్య కళాశాలకు అదే మూలం. పాఠశాలకు తోడుగా అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఏర్పడి, విద్యార్థులకు రోగుల మధ్య నేర్చుకునే వీలు కలిగింది. 1908 మూసీ వరదలో ఆ ఆసుపత్రి ధ్వంసమైన తరువాత, నదీ తీరానే ఉస్మానియా ఆసుపత్రి భవనం లేచింది.

1880ల నడుమ ఎడ్వర్డ్ లారీ ఈ పాఠశాల బాధ్యత స్వీకరించాడు. క్లోరోఫాం మత్తు ఇచ్చినప్పుడు అప్పుడప్పుడు సంభవించే మరణాలకు కారణమేమిటన్నది నాటి వైద్యలోకంలో పెద్ద వివాదం. శ్వాస ఆగటమే కారణమనీ, గుండెకు నేరుగా ప్రమాదం లేదనీ, కాబట్టి నాడి కన్నా ఊపిరిని గమనిస్తే చాలుననీ లారీ వాదం. దీనిని తేల్చడానికి 1888లోను, 1889లోను రెండు హైదరాబాదు క్లోరోఫాం కమిషన్‌లు జరిగాయి. రెండవదానికి ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ధనసహాయం చేయగా, లాన్సెట్ వైద్య పత్రిక తరపున థామస్ లాడర్ బ్రంటన్ లండన్ నుంచి వచ్చి పాల్గొన్నాడు. వందలాది జంతువులపై ప్రయోగాలు జరిగాయి.

ఆ రోజులలోనే వైద్య పాఠశాలలో చేరిన కొద్దిమంది స్త్రీలలో రూపాబాయి ఫర్దూంజీ ఒకరు. ఆమె రోగులకు స్వయంగా క్లోరోఫాం ఇవ్వటంలో ఆరితేరారు. ప్రపంచంలోని తొలి మహిళా మత్తువైద్యురాలిగా ఆమెను నేడు చాలామంది గుర్తిస్తున్నారు. 1909లో ఎడిన్‌బరోకు వెళ్లి మరింత చదువుకున్నారు. పరదా పద్ధతి బలంగా ఉన్న నగరంలో ఒక స్త్రీ ఇంతటి నైపుణ్యం సంపాదించడానికి పుస్తకం ఒక్కటే చాలలేదు. ఆపరేషన్ గదిలో నిలబడి, మరల మరల చేసి, బాధ్యత మోయటం వలననే అది సాధ్యమైంది.

ఈ కథలో రెండవ భాగాన్ని కూడా గమనించండి. లారీ వాదం పూర్తిగా నిలవలేదు. మత్తు తేలికగా ఉన్న స్థితిలో క్లోరోఫాం గుండె లయను చెడగొట్టి ప్రాణం తీయగలదని 1911లో గుడ్‌మన్ లెవీ ప్రయోగపూర్వకంగా చూపించాడు. ఊపిరిని జాగ్రత్తగా గమనించమన్న లారీ బోధ ఎందరి ప్రాణాలనో కాపాడి ఉంటుంది. గుండెకు భయం లేదన్నది మాత్రం తప్పు. శిష్యరికంలో నైపుణ్యంతో పాటు గురువు పొరపాటు కూడా శిష్యుడికి సంక్రమిస్తుంది. అందుకే ఒకే గురువు దగ్గర, ఒకే విభాగంలో సాగే శిక్షణ అసంపూర్ణం.

మారుతూ తిరిగే శిక్షణ

జోసెఫ్ భోర్ అధ్యక్షతన 1943లో ఏర్పడిన కమిటీ 1946లో నివేదిక సమర్పించింది. వైద్యుడికి సమాజం తెలియాలనీ, నివారణ వైద్యం, సామాజిక వైద్యంలో 3 నెలల శిక్షణ ఉండాలనీ అది సూచించింది. 1956 నాటి భారత వైద్యమండలి చట్టం చివరి పరీక్ష ఉత్తీర్ణులైన వారికి తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇచ్చే ఏర్పాటు చేసింది. అనగా గుర్తింపు పొందిన సంస్థలో, పెద్దల పర్యవేక్షణలో పనిచేసే హక్కు ఉంటుంది. సొంతంగా ప్రాక్టీసు పెట్టే హక్కు ఉండదు. శిక్షణ పూర్తయిన పిదపనే శాశ్వత రిజిస్ట్రేషన్. ప్రస్తుతం జాతీయ వైద్య కమిషన్ 2021 నిబంధనల ప్రకారం ఈ శిక్షణ 12 నెలలు. మెడిసిన్, సర్జరీ, ప్రసూతి, పిల్లల విభాగం, సామాజిక వైద్యం మొదలైనవాటిలో వంతులవారీగా పనిచేయాలి, చేసిన పనిని లాగ్‌బుక్‌లో వ్రాసి పర్యవేక్షకుల సంతకం పొందాలి, స్టైపెండ్ ఇవ్వాలి.

ఒక శతాబ్దంన్నర అనుభవం నుంచి తేలిన సూత్రాలు ఇందులో ఉన్నాయి. నిజమైన పని, జవాబుదారీ గల పర్యవేక్షకుడు, అనేక విభాగాల పరిచయం, వ్రాతపూర్వకమైన నమోదు, అధికారానికి స్పష్టమైన హద్దు. వీటిలో ఏది లోపించినా మిగిలేది చాకిరి లేదా సర్టిఫికెట్.

నిద్ర లేని శిక్షణ

వైద్యరంగం ఆలస్యంగా నేర్చుకున్న విషయం ఒకటున్నది. హాల్‌స్టెడ్ పద్ధతిలో రెసిడెంటుకు విశ్రాంతి అన్నది దాదాపు లేదు. ఆయన స్వయంగా కొకైన్‌తో ప్రయోగాలు చేస్తూ దానికి బానిసై, తరువాత మార్ఫిన్‌కు కూడా అలవాటుపడినవాడు. అటువంటి మనిషి నెలకొల్పిన సంప్రదాయాన్నే తరతరాలుగా కార్యదీక్షకు కొలబద్దగా భావించారు.

1984లో లిబ్బీ జయన్ అనే 18 ఏండ్ల యువతి న్యూయార్కులో ఆసుపత్రిలో చేరిన కొద్దిగంటలలోనే మరణించింది. ఆమెను చూసినవారు దీర్ఘకాలపు డ్యూటీలో ఉన్న శిక్షణ వైద్యులు. పాత్రికేయుడైన ఆమె తండ్రి చేసిన పోరాటం ఫలితంగా, 1989లో న్యూయార్కు రాష్ట్రం శిక్షణ వైద్యుల పనిని వారానికి 80 గంటలకు పరిమితం చేసింది. 2003లో అమెరికా అంతటా ఆ పరిమితి వచ్చింది. 2004లో ప్రచురితమైన ఒక హార్వర్డ్ పరిశోధన ప్రకారం, 24 గంటలకు మించిన షిఫ్టులు చేసే ఇంటర్న్‌లు, పని గంటలు తగ్గించిన వారికన్నా 36 శాతం ఎక్కువగా తీవ్రమైన పొరపాట్లు చేశారు.

17 గంటలు మేల్కొని ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి చురుకుదనంతో సమానమని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. మన దేశంలో వాహనం నడిపేవారికి చట్టం అనుమతించే హద్దు 0.03 శాతం. ఉదయం 7 గంటలకు లేచి, అర్ధరాత్రి దాకా కోడ్ వ్రాసి, ఆపై మోటారు సైకిలు మీద ఇంటికి బయలుదేరే కుర్రవాడి సంగతి దీనినిబట్టి ఆలోచించండి.

నేటి విద్యార్థికి

1974లో ఏర్పడిన కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కనున్న ఈ పల్లెలకు, 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఐ.టి. నగరం క్రమంగా చేరువైంది. గోపన్‌పల్లిలోనే పెద్ద కంపెనీల ప్రాంగణాలు వెలిశాయి. అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2018 నమూనా పాఠ్యప్రణాళికలో ఇంజినీరింగు క్రెడిట్లను 160కి తగ్గించి, ఇంటర్న్‌షిప్‌ను చదువులో భాగం చేసింది. ఉద్దేశం మంచిదే. కాని అవసరం ఉన్నచోట అంగడి కూడా వెలుస్తుంది. సిద్ధంగా ఉన్న ప్రాజెక్టును వెలకట్టి అమ్మేవారు, రుసుము తీసుకొని ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఇచ్చేవారు మన నగరంలో కొరతగా లేరు. ఫ్లెక్స్‌నర్ చూసిన పాఠశాలలకు, వీటికి పోలిక మీకే తోస్తుంది.

నష్టం ఎవరికని అడిగితే, మొదటి నష్టం కొన్నవారికే. పూర్వానుభవం లేకుండా ఉద్యోగంలో చేరిన పిల్లవాడు తొలి నెలలలోనే తడబడతాడు. తెలియదని చెప్పటానికి భయం. చెప్పకపోతే పని జరగదు. ఈ ఇరకాటం నుంచే గుండెదడ, అజీర్ణం, నిద్రలేమి, తలనొప్పి మొదలవుతాయి. పరీక్షలన్నీ సరిగా ఉన్నా బాధ తగ్గదు. తప్పు చేసి దిద్దుకోవడానికి అవకాశమున్న కాలాన్ని కొనుగోలుతో దాటవేస్తే, ఆ తప్పులే దిద్దేవారు లేని చోట ఎదురవుతాయి.

కాబట్టి విద్యార్థులకు నా మనవి. ఇంటర్న్‌షిప్ ఒప్పుకునే ముందు నాలుగు విషయాలు అడగండి. నా పనిని రోజూ చూసి తప్పులు చెప్పే వ్యక్తి ఎవరు? నేను చేసేది ఎవరికైనా నిజంగా ఉపయోగపడే పనియా? పని వేళలు ఎంత? స్టైపెండ్ ఇస్తారా, నన్నే రుసుము అడుగుతారా? శిక్షణకు మీరే సొమ్ము చెల్లించవలసి వస్తే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. ప్రాజెక్టు చిన్నదైనా సరే, మీదిగా ఉండనివ్వండి. హౌస్ సర్జన్ లాగ్‌బుక్ వలె ఒక నోటుపుస్తకం పెట్టుకొని, ఏ రోజు ఏమి చేశారో, ఎక్కడ ఆగిపోయారో, ఎవరు దిద్దారో వ్రాసుకోండి. ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలకు అందులోనే జవాబులు దొరుకుతాయి. వీలైతే ఒకరికి మించిన పెద్దల వద్ద నేర్చుకోండి.

రాత్రికి 7 గంటల నిద్రను శిక్షణలో భాగంగానే భావించండి. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, ఆకలి మందగించినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా వైద్యుడిని కలవండి. మనసు బరువెక్కినప్పుడు టెలిమానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. "ప్రాజెక్టు అయిపోయిందా?" అని అడగటానికి బదులు "ఈ వారం ఏమి నేర్చుకున్నావు?" అని అడిగి చూడండి. మొదటి ప్రశ్న పిల్లవాణ్ణి అంగడి వైపు నెట్టవచ్చు. రెండవది అతని చేత మాట్లాడిస్తుంది. ఎక్కడ కష్టపడుతున్నాడో మీకు తెలుస్తుంది, అవసరమైన సహాయం సకాలంలో అందించే వీలు కలుగుతుంది.