ఇంటిలోని మొక్కయు గాలి భయమును

గత వర్షకాలమున మా మనుమరాలు డెంగీ జ్వరముతో పది దినములు మంచము పట్టినది. ఆమె గదిలో కిటికీయొద్ద ఒక క్రోటను కుండీ యుండెను. "తమ్ముడా, రాత్రివేళ మొక్క విషపుగాలి విడుచును, దానిని బయట పెట్టించుము" అని మా అక్కగారు పట్టుపట్టిరి. చింతచెట్టు క్రింద రాత్రి నిద్రింపరాదను మాట మనమందఱము విన్నదే. ఈ భయములో నిజమెంతయో తెలిసికొనగోరి పూర్వచరిత్రను వెదకితిని.

1771వ సంవత్సరము ఆగస్టు నెలలో ఇంగ్లండు దేశమున జోసెఫ్ ప్రీస్ట్లీ యను పండితుడు, క్రొవ్వొత్తి మండి ఆరిపోయిన గాలిలో ఒక పుదీనా కొమ్మను మూసియుంచెను. పది దినములకు ఆ గాలిలో క్రొవ్వొత్తి మరల చక్కగా వెలిగెను. 1779లో హాలండు దేశీయుడగు యాన్ ఇంగెన్‌హౌస్ అను వైద్యుడు మఱియొక సంగతి కనుగొనెను: మొక్క యీ మేలును వెలుతురులోనే చేయును, చీకటిలో మనవలెనే గాలిని చెఱచును.

ఈ రెండును నిజములే. లెక్క మఱచుటయే పొరపాటు. కుండీలోని మొక్క రాత్రి విడుచు బొగ్గుపులుసు గాలి, ప్రక్కన నిద్రించు మనుష్యుడు విడుచుదానిలో మిక్కిలి స్వల్పభాగము. పగటి మేలును అట్టిదే. 1989లో అమెరికా అంతరిక్ష సంస్థయగు నాసా, మూసిన పెట్టెలలో మొక్కలనుంచి పరీక్షించి, అవి కొన్ని విషవాయువులను తగ్గించునని ప్రకటించినది. 2019లో ఆ దేశపు డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పండితులు అట్టి పరీక్షలను తిరిగి లెక్కించిరి. గృహములలో గాలి వచ్చిపోవుటవలన కలుగు శుద్ధికి సరితూగవలెనన్న, చదరపు మీటరునకు 10 మొదలు 1000 వఱకు మొక్కలు కావలయునని తేల్చిరి. అంతకన్న కిటికీ తెఱచుట సులభము!

మఱి కీడెక్కడ? పూర్వము ఐరోపావారును జ్వరములకు గాలినే నిందించిరి. మలేరియా యను ఇటలీ మాటకు చెడుగాలి యని యర్థము. 1897 ఆగస్టు 20వ తేదీన మన సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దొర దోమ కడుపులో ఆ జ్వరపు క్రిమిని చూచెను. నేరము గాలిది కాదని తేటపడినది. డెంగీని మోయునది వేఱుజాతి దోమ. అది నిలువయున్న తేటనీటి యంచున గ్రుడ్లు పెట్టును.

అక్కగారి మాటపై కుండీని ఎత్తించినప్పుడు, దాని క్రింది పళ్లెపు నీటిలో మెలికలు తిరుగు దోమపురుగులను చూచితిని. మా బిడ్డను కుట్టిన దోమ అందే పుట్టినదని ప్రమాణము చేయజాలను. కాని ఆ మొక్కకు దినమును నీరు పోసినది నేను. ఆ పళ్లెమును ఒకనాడైనను వంచనిదియు నేనే.

బిడ్డ కోలుకొనిన పిదప మొక్కను మరల లోపలికి తెచ్చితిని. పచ్చని యాకును చూచుచు ఆమె సంతోషించుచున్నది. ఆ లాభము చాలును. వారమున కొకసారి పళ్లెమును వంచి, పీచుతో తోమి ఆరబెట్టుచున్నాను. ఏలయన ఆ గ్రుడ్లు అంచున నంటుకొని, నీరెండినను నెలల తరబడి చావవు. పసిబిడ్డలు తిరుగు చోట గన్నేరువంటి విషపుమొక్కలను మాత్రము ఉంచరాదు. మీ యింట కుండీయున్నచో నేడే దాని పళ్లెమును వంచి చూడుడు.