కడలిలో మీనసంతానపు లెక్క

నార్వే దేశపు ఉత్తరతీరమునందలి లోఫోటెన్ దీవుల చెంతకు ప్రతి సంవత్సరమును జనవరి మొదలు ఏప్రిల్ వఱకు బారెంట్స్ సముద్రమునుండి కాడ్ చేపలు గుంపులుగా దిగివచ్చి గుడ్లు విడుచుటయు, ఆ గుంపులకై వేలకొలది జాలరులు చలికి వెఱవక చిన్న పడవలలో కడలిపై బడుటయు, పట్టిన చేపను కొయ్యదండెములపై ఎండగట్టి దేశాంతరములకు పంపుటయు శతాబ్దులుగా సాగివచ్చిన వ్యవహారము. ఒక యేడు పడవలు మోయలేనంత చేప. మఱొక యేడు వల తడిసినదే ఫలము. ఈ వైపరీత్యమునకు చేపలు దారి మార్చుకొనుటయే కారణమని పెక్కురు తలచుచుండిరి గాని, రూఢిగా ఎఱిగినవారు లేరు. వేట తప్పిన యేడు తీరగ్రామములు అప్పులపాలగుచుండగా చూచి, నార్వే ప్రభుత్వము 1864లో జార్జ్ ఒస్సియాన్ సార్స్ అను యువ జీవశాస్త్రజ్ఞుని పిలిచి, కాడ్ చేప జీవితమును మొదటినుండి పరిశోధింపుమని నియోగించెను.

సముద్రపు చేపల గుడ్లు నీటి అడుగున ఇసుకకో నాచుకో అంటుకొని యుండునని నాడు పండితులును పామరులును నమ్ముచుండిరి. హెర్రింగు విషయమున అది సత్యమే. దాని గుడ్లు జిగటవై అడుగునేలను పట్టుకొనును. సార్స్ మాత్రము లోఫోటెన్ పడవల నడుమ నీటి పైపొరను సన్నని వలతో దేవి చూడగా, మిల్లీమీటరున్నర వ్యాసమైనను లేని పారదర్శకములైన గుండ్రని గుడ్లు లెక్కకు మిక్కిలిగా కానవచ్చెను. వానిని గాజుపాత్రలలో నుంచి దినదినమును పరీక్షింపగా లోపల నల్లని కన్నులు, వంపు తిరిగిన దేహము, కొట్టుకొను గుండె క్రమముగా స్పష్టపడి, అవి కాడ్ చేప సంతానమేయని నిశ్చయమయ్యెను. గుడ్లు అడుగున లేవు. పైన తేలుచు, ప్రవాహము ఎటు కొనిపోయిన అటు పోవుచున్నవి. ఒక్కొక్క తల్లిచేప లక్షలకొలది, పెద్దదైనచో పది లక్షలకు మించి గుడ్లు విడుచునను మాట అంతకుముందే తెలిసియున్నను, ఆ గుడ్లన్నియు ఏ యాధారమును లేక నడికడలిలో తిరుగాడుచున్నవని తెలిసినప్పుడు గాని అసలు ప్రశ్న పుట్టలేదు: వానిలో బ్రతికి బట్టకట్టునవి ఎన్ని, చచ్చునవి ఎన్ని, ఎప్పుడు, ఎందువలన?

ఈ ప్రశ్నకు లెక్కతో సమాధానము చెప్పవచ్చునని మొదట సాహసించినవాడు జర్మనీలో కీల్ నగరపు ఆచార్యుడు విక్టర్ హెన్సెన్. నీటిలో తేలియాడు జీవరాశికంతకు ప్లాంక్టన్ (ప్లవకము) అని 1887లో పేరిడినవాడు ఇతడే. పిండిమరలలో జల్లెడలకు వాడు పట్టుబట్టను తెప్పించి, దానితో గరాటు ఆకారపు వలను కుట్టించి, నీటి లోతునుండి నిలువుగా పైకి లాగించినచో, వల నోటి వైశాల్యమును బట్టి ఎంత నీటిలో ఎన్ని గుడ్లున్నవో తేలునని ఆయన యూహించెను. కడలిలోని గుడ్లను లెక్కించి, ఒక్క తల్లి పెట్టు గుడ్లతో భాగించిన, కంటికి కానరాని తల్లుల సంఖ్య చేతికి వచ్చును. 1895లో ఆప్‌స్టైన్ అను సహచరునితో కూడి ఉత్తర సముద్రమున ఆయన ఈ పనికి పూనుకొనెను. నాడు పలువురు ఆక్షేపించిరి; చుక్కనీటిని చూచి సముద్రమును కొలుచుట ఎట్లనిరి. కాని ఈ కథలో హెన్సెనుకు రావలసినంత కీర్తి రాలేదని నా యభిప్రాయము. ఏలయన తొంబది యేండ్ల తరువాత ఇంకొక ఖండమున మత్స్యశాఖలు చేపట్టిన పద్ధతికి బీజము ఆ పట్టువలయే.

ఈ నడుమ గుడ్లను తీరమున పొదిగించి పిల్లలను కడలిలో వదలినచో కొఱత తీఱునను ఆశ ప్రబలినది. నార్వేలో ఫ్లోడెవిగెన్ వద్ద డానెవిగ్ అను ఓడ నాయకుడు 1880 ప్రాంతముల స్థాపించిన పొదుగుశాల నుండి ఏటేట కోట్లకొలది కాడ్ పిల్లలు సముద్రమున విడువబడెను. అమెరికాయు ఆ దారినే పోయెను. కోట్లు వదలితిమన్న లెక్క ఉన్నది గాని, వానిలో ఎన్ని వేటకు వచ్చెననుదానికి లెక్క లేదు. దీనిని గట్టిగా ప్రశ్నించినవాడు నార్వే శాస్త్రజ్ఞుడు యోహాన్ యోర్ట్. 1900లో కట్టిన మైకేల్ సార్స్ అను పరిశోధనా నౌక, సార్స్ తండ్రి పేర వెలసినది, ఈతని యధీనమున ఉండెను. 1902లో కోపెన్‌హేగన్ కేంద్రముగా అంతర్జాతీయ సముద్ర పరిశోధన మండలి ఏర్పడినప్పుడు అందు ప్రముఖుడై, చేపల వయస్సును పొలుసులపై వలయములను బట్టి నిర్ణయించు విద్యను సహచరులతో కలిసి వృద్ధి చేసెను. హెర్రింగు పొలుసులను వేలకొలది పరీక్షింపగా విచిత్రమైన సంగతి బయటపడినది. 1904లో పుట్టిన సంతానము, పెద్దదై వలలో పడుట మొదలిడినది మొదలు ఎన్నో సంవత్సరములు వేటలో సింహభాగముగా నిలిచెను. దాని ముందు వెనుకల యేండ్ల సంతానము అల్పమే. అనగా వేటలోని ఎచ్చుతగ్గులకు చేపలు దారి తప్పుట కారణము కాదు. ఏ యేడు పుట్టిన సంతానము బ్రతికినదో, ఏ యేడుది నశించినదో ఆ భేదమే కారణము. 1914లో ప్రకటించిన గ్రంథమున యోర్ట్ ఇంకొక యడుగు ముందుకు వేసెను. గుడ్డునుండి వెలువడిన డింభకమునకు పుట్టుకతో వచ్చిన సొన తీఱిపోయి, తన నోటితో మొదటి ఆహారమును గ్రహింపవలసిన ఆ కొలది దినములలోనే సంవత్సరపు భాగ్యము తేలిపోవునని, ఆ వేళకు ప్లవకము అందకున్నను, ప్రవాహము దూరముగా కొట్టుకొనిపోయినను ఆ యేటి సంతానము నశించునని అతడు ప్రతిపాదించెను.

ఇంతటి గొప్ప ప్రతిపాదన చిరకాలము ప్రతిపాదనగానే మిగిలిపోయినది. దానిని పరీక్షింపవలెనన్న ఒకే తావుల మీదుగా, ఒకే తీరు వలతో, నెలనెలయు, ఏటేటయు ఓడ పోవలసియుండును. ఫలము లేని యేండ్లలోను పోవలసియుండును. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు యోహానెస్ ష్మిట్, ఐరోపా పాముచేపల డింభకములు ఏ దిక్కుగా పోయినకొలది చిన్నవగుచున్నవో ఆ దిక్కుననే ఏండ్లకొలది పోయి, 1920 దశకారంభమున వాని జన్మస్థానము సర్గాసో సముద్రమని నిరూపించుట వలతో చేసిన మహాకార్యమే. కాని అది ఒక రహస్యమును ఛేదించి ముగిసిన యాత్ర. ఎడతెగని లెక్కకు పూనుకొనజేసినది కాలిఫోర్నియాలో కవళ్ళు అను చేపల పతనము.

మాంటరే రేవున డబ్బాల కర్మాగారములు వరుసదీరి, కవళ్ళలో అధికభాగమును పొడిగను నూనెగను మార్చుచుండిన దినములవి. 1936-37 వేటకాలమున పసిఫిక్ తీరమున పట్టిన కవళ్ళు 7 లక్షల టన్నులకు మించెను. పరిమితి విధింపుడని రాష్ట్ర మత్స్యశాఖ శాస్త్రజ్ఞులు పలుమాఱు హెచ్చరించిరి. ఫ్రాన్సిస్ క్లార్క్ వారిలో అగ్రగణ్యురాలు. సముద్రపు మార్పులే ప్రధానమని కేంద్రప్రభుత్వ శాస్త్రజ్ఞులు కొందఱు వాదించిరి. వాదము తెగకుండగనే వేట తెగినది. 1952-53 నాటికి అది కొన్ని వేల టన్నులకు దిగజాఱెను. 1947లో పరిశ్రమయే దింపిన ప్రతి టన్నుకును పన్ను కట్టి పరిశోధనకు ధనము సమకూర్చుటకు ఒప్పుకొనగా, స్క్రిప్స్ సముద్రశాస్త్ర సంస్థయు, రాష్ట్ర, కేంద్ర శాఖలును ఏకమై 1949 నుండి కాల్‌కోఫీ అని తరువాత పేరొందిన కార్యక్రమమున ఓడలను నడుపదొడగెను. చేప మిక్కుటముగా నున్న రోజులలో ఎవరును ఇయ్యని ధనమును చేప పోయిన తరువాత ఇచ్చిరి.

ఆ ఓడలపై పని ఎట్లుండెనో కొంచెము చెప్పవలెను. తీరమునకు అడ్డముగా గీచిన గీతలపై నిర్ణీతములైన తావులు; ప్రతి తావునను పగలనక రాత్రియనక ఓడ వేగము తగ్గి, వించి నుండి ఉక్కుతాడు దిగును; వల నూటనలుబది మీటర్ల లోతు వఱకు ఏటవాలుగా పోయి, మెల్లగా పైకి వచ్చును. నోటిలో అమర్చిన చిన్న చక్రము తిరిగిన తిరుగుళ్ళను బట్టి వడిసిన నీటి పరిమాణము తెలియును. పైకి వచ్చిన వలను గొట్టపు నీటితో కడిగి, కొసనున్న పాత్రలోని ముద్దను సీసాలో పోసి, ఫార్మలిన్ కలిపి, చీటీ వ్రాసి మూతవేయుదురు. అటుపిమ్మట లా హోయాలోని ప్రయోగశాలలో సూక్ష్మదర్శినుల ముందు కూర్చుండి గుడ్లను, డింభకములను ఒక్కొక్కటిగా ఏఱుదురు. నెత్తళ్ళ గుడ్డు బియ్యపుగింజ వలె కోలగా నుండును. కవళ్ళ గుడ్డు గుండ్రనిదై పైపొరకును లోని పిండమునకును నడుమ విశాలమైన ఖాళీ కలది. డింభకములకు వచ్చుసరికి రెండును దారపుపోగులే. కండరఖండములు ఎన్నియో లెక్కించి, ప్రేగు వెంబడి నల్లచుక్కల వరుస చూచి తీర్పు చెప్పవలసినదే. ఈ విద్యకు ఎల్బర్ట్ ఆల్‌స్ట్రమ్ ఆచార్యుడు. ఆయన వెదకినది కవళ్ళను. కాని అదే సీసాలలో నెత్తళ్ళును, హేక్ అను వేఱొక చేపయు విస్తారముగా కనబడి, వేటగాండ్లింకను పట్టించుకొనని సంపద ఎంతయున్నదో తెలిపెను. ఒకే చేపకై ఓడ నడిపినను అన్ని చేపల సంతానమును ఏఱి లెక్కించి యుంచుట ఆయన దూరదృష్టి.

యోర్ట్ ప్రతిపాదనకు ఈ తీరముననే పరీక్ష జరిగినది. 1974లో రూబెన్ లాస్కర్ అను శాస్త్రజ్ఞుడు లా హోయా ప్రయోగశాలలో పొదిగిన నెత్తళ్ళ డింభకములను ఓడపైకి కొనిపోయి, తీరపు జలములనుండి తోడిన నీటిలో విడిచి చూచెను. నీరు నిశ్చలముగా పొరలుపొరలై, ఒక లోతున సూక్ష్మజీవులు దట్టముగా చేరియుండగా అవి కడుపార తినెను. తుపాను గాలి వీచి ఆ పొర చెదరగనే ఆహారము పలుచనై అవి తినజాలకపోయెను. నీటిలో మేత ఉన్నంతమాత్రమున చాలదు, అది దట్టముగా ఒకచోట ఉండవలెనని దీనివలన విశదమయ్యెను. మఱికొంతకాలమునకు అదే ప్రయోగశాల హెన్సెన్ లెక్కను మఱల చేపట్టెను. నెత్తళ్ళు రాత్రివేళ గుడ్లు విడుచును గనుక గుడ్డు ఎదిగిన దశను బట్టి ఏ రాత్రిదో చెప్పవచ్చును. తల్లి అండాశయమున మిగిలిన గుర్తులను బట్టి ఆడుచేపలలో ఎన్నవవంతు ఆ రాత్రి గుడ్లు విడిచెనో తెలియును. దినమునకు కడలిలో పడు గుడ్లు ఎన్నియో, ఒక తల్లి ఒక విడతకు ఎన్ని విడుచునో తెలిసిన, సముద్రమున ఎన్ని టన్నుల చేప ఉన్నదో లెక్క తేలును. ఈ పద్ధతి నెత్తళ్ళకు, తరువాత కవళ్ళకు వేటపరిమితి నిర్ణయించుటకు ఉపయోగపడినది. 1967లో నిషేధింపబడిన కవళ్ళ వేట 1986లో స్వల్పపరిమితితో మఱల తెఱవబడి, రాశి మఱల క్షీణింపగా 2015లో మూయబడినది. ఈ పర్యాయము ఇంకను కొంత చేప మిగిలియుండగనే మూసిరి. ఆ నిర్ణయమునకు ఆధారము ఓడలు తెచ్చిన లెక్కలే.

కాలిఫోర్నియా నుండి ఈ విద్యలో ఒక పాయ మన తీరమునకును వచ్చినది. సాన్ డియేగోలో సముద్రశాస్త్ర పరిశోధనలు సాగించిన యూజీన్ లాఫాండ్ 1952లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చి, వాల్తేరులో విద్యార్థులచేత బంగాళాఖాతపు ప్రవాహములను, ఉష్ణోగ్రతలను కొలిపించెను. అదే విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రాచార్యుడు పి. ఎన్. గణపతి తీరజలముల ప్లవకములపై పరిశోధనలు నడిపించెను. 1960 దశకపు అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్రలలో పెక్కు దేశముల ఓడలు ఒకే తీరు వలను రెండువందల మీటర్ల లోతునుండి పైకి లాగి తెచ్చిన ప్లవకమును కొచ్చిన్‌లో నెలకొల్పిన కేంద్రమున వేఱు చేసి, అందులోని చేపగుడ్లను, డింభకములను గుర్తించిరి. అది మహాకార్యమే గాని, ఓడలు ఒకమాఱు దాటిపోయిన తావులకు నెలనెలయు తిరిగిరాలేదు.

నేడు తూర్పుతీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వఱకు అఱువదియొక్క దినములు మరపడవలకు వేట నిషేధము. చేపలు గుడ్లు పెట్టు కాలమని జాలరులు ఆ రెండు నెలలు పడవలను ఒడ్డునకు లాగి కూర్చుందురు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నము రేవులలో ఆ దినములు ఎంత దుర్భరములో తీరమున నివసించువారెల్లరు ఎఱుగుదురు. అంతటి త్యాగము చేయుచున్నవారికి, ఆ నెలలలో తమ కడలిలో ఏ చేప గుడ్లు ఎంత తేలుచున్నవో, కానగుర్తవెన్ని, కవళ్ళవెన్ని, ప్రవాహము వానిని ఎటు కొనిపోవుచున్నదో ఏటేట లెక్కించి చెప్పుట న్యాయము. దానికి వలసినది గొప్ప యంత్రములు కావు. తీరమునకు అడ్డముగా నాలుగు గీతలు, వానిపై మాఱని తావులు, సన్నని వల, ఫార్మలిన్ సీసాలు, వాల్తేరులో సూక్ష్మదర్శిని ముందు ఓపికతో కూర్చుండు పదిమంది, వారికి ముప్పది యేండ్లపాటు ఆగని జీతము.