అంగడి వెచ్చములు: సోల నుండి కిలో వరకు

శాసనములలోని పుట్లను, తూములను లెక్కించు చరిత్రకారులు వంటింటి సోలను, తవ్వను తలంచుట అరుదు. అయినను మన పెద్దలు బిడ్డలకు నేర్పిన తొలి గణితము పలకమీదిది కాదు, అంగడి వెచ్చములదే.

కోస్తా పల్లెలలో నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచము. బియ్యము, పప్పులు కొలిచి యిచ్చెడివారు. చింతపండు, బెల్లము, మిరపకాయలు తూచి యిచ్చెడివారు. తూకమున మూడు తులములు పలము, ఎనిమిది పలములు సేరు, అయిదు సేర్లు వీశె, ఎనిమిది వీశెలు మణుగు. ఇది కచ్చా సేరు. 80 తులముల పక్కా సేరు వేరు. పేరొక్కటే, బరువు వేరు! ఇందలి మెలకువ తెలియనివాడు పొరుగూరి సంతలో మోసపోవుట వింత కాదు.

కలిగినవారు క్రొత్తపంట వచ్చినపుడే ఏడాదికి సరిపడు చింతపండును, మిరపకాయలను కొని కుండల కెత్తెడివారు. కూలివారికి ఏనాటి వెచ్చము ఆనాడే.

నన్ను తొలిసారి అంగడికి పంపుచు మా అమ్మ చెప్పినది రెండే మాటలు: "తక్కెడ వట్టిగా ఉన్నప్పుడు ముల్లు చూడు నాయనా. కొలిచేవాడి బొటనవ్రేలు సోల లోపల ఉందేమో చూడు." నేను రెండును మరచితిని. తెచ్చిన కందిపప్పును ఆమె ఇంటి సోలతో కొలిచి, తక్కువైనదని మరల పంపినది. కోమటి మారుమాటాడక మరి గుప్పెడు పోసినాడు, సిగ్గుపడినది నేనే. కొసరడుగుట పిసినిగొట్టుతనమని పట్నవాసులు నవ్వుదురు గాని, అది బేరములో భాగమే. ధాన్యము కొలుచునపుడు మొదటి కొలతను ఒకటి యనక "లాభము" అనుటయు నాడే వింటిని.

1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినవి. అంతవరకు మూడు దమ్మిడీలు కాని, నాలుగు కానులు అణా, పదునారణాలు రూపాయి. క్రొత్త పట్టికలో అణాకు ఆరు నయాపైసలు, కానికి రెండు. అణా సరకు ఒక్కమారు కొన్నవానికి ఆరు. కాని చొప్పున నాలుగుమారులు కొన్నవానికి ఎనిమిది! పట్టిక వ్రాసినవారి దోషమని యనను, భిన్నమును ఎటో ఒకవైపు సర్దక తప్పదు. కాని ఆ సర్దుబాటు బరువు పడినది ఏ పూటకాపూట కొనుక్కొను పేదలపైననే.

1958 అక్టోబరు నుండి కొన్ని ప్రాంతములలో మెట్రిక్ తూనికలు ప్రవేశపెట్టబడి, 1962 నాటికి దేశమంతట తప్పనిసరియైనవి. వీశె యనగా ఇంచుమించు కిలో నాలుగువందల గ్రాములు. కనుక వీశె ధరను అయిదుతో హెచ్చించి ఏడుతో భాగించిన కిలో ధర వచ్చును. వీశె ఏడణాలైన బెల్లము కిలో అయిదణాలు. ఈ లెక్క బడిపిల్లలకు తెలిసినది, తల్లులకు తెలియలేదు. తరతరములుగా పెద్దలు పిన్నలకు నేర్పిన విద్యను పిన్నలు పెద్దలకు నేర్పవలసి వచ్చినది. "కిలోకు మన వీశెకన్న ఎంత తక్కువరా?" అని మా అమ్మ నన్నడిగిన నాడు నాకు గర్వము కలిగినది, ఆమె ముఖమున కనిపించిన బెరకు మాత్రము చాల యేండ్లకు గాని నా కర్థము కాలేదు.

తరువాత ఆమెకు కిలోలు, గ్రాములు బాగుగనే అలవడినవి. ఎసట బియ్యము పోయుట మాత్రము కడవరకు సోలతోనే. ఆ సోల నేటికిని మా యింట నున్నది. దాని అంచు ఒక ప్రక్క అరిగినది.