ఇందల్వాయి కత్తులు, బోధన్ చక్కెర, మన నడుము కొలత

ఇందల్వాయి అంటే నిజామాబాద్ వాళ్ళకి గుర్తొచ్చేది అడవి, హైవే, రైల్వే స్టేషను. 1660ల్లో ఇటుగా వెళ్ళిన ఫ్రెంచి యాత్రికుడు థెవెనో మాత్రం వేరే సంగతి రాశాడు. ఇక్కడ తయారయ్యే కత్తులు, బాకులు, ఈటెలు దేశమంతటా అమ్ముడుపోతాయట, ఇనుము పక్క కొండల్లోదేనట. రోజంతా కొలిమి ముందు సమ్మెట కొట్టినవాళ్ళకి పొట్ట పెరగడం పెద్ద బెంగ అయ్యుండదని నా అనుమానం.

ఆ తర్వాత ఈ ప్రాంతానికి పేరు తెచ్చింది చక్కెర. మంజీర మీద నిజాంసాగర్ 1931కి పూర్తయింది, నీళ్ళొచ్చాయి, చెరకొచ్చింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది. 2002లో ప్రైవేటు చేతికెళ్ళి 2015లో మూతపడింది. ఫ్యాక్టరీ ఆగింది గానీ మన టీ కప్పులో చక్కెర ఆగలేదు. అలాగని చెరకు పండించాం కాబట్టి లావయ్యాం అంటే మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టినట్టే. చక్కెర ఒక్కటే కాదు, తిండి మొత్తం పెరిగింది, ఒంటికి పని తగ్గింది.

మారనిది మన కొలబద్ద. ఇప్పటికీ ఊరెళితే "బక్కగైనవ్ బిడ్డా" అని బాధపడేవాళ్ళూ, "మంచిగ ఒళ్ళు జేసినవ్" అని మెచ్చుకునేవాళ్ళూ ఉంటారు. కరువు చూసిన తరాలకి అది న్యాయమైన కొలతే. మరి మనకి?

లావుకీ రక్తనాళాలకీ ఉన్న లంకె తేలడానికి చాలా కాలం పట్టింది. ఫ్రాన్సులో జాన్ వాగ్ అనే డాక్టరు 1947లోనే కొవ్వు ఎంత ఉందనేదే కాదు, ఎక్కడ ఉందనేది ముఖ్యమన్నాడు. అమెరికాలో 1948లో మొదలైన ఫ్రామింగ్‌హామ్ పరిశీలన, 26 ఏళ్ళ లెక్కలు చూసి 1983లో ఒక మాట చెప్పింది: బీపీ, కొలెస్ట్రాల్ లాంటివి పక్కన పెట్టినా అధిక బరువు తనంతట తానే గుండెకి ముప్పు.

ఎలాగంటారా? పొట్ట లోపల, కాలేయం చుట్టూ చేరిన కొవ్వు ఊరికే కూర్చోదు. కొవ్వు ఆమ్లాల్నీ, వాపు పుట్టించే రసాయనాల్నీ రక్తంలోకి వదులుతుంది. ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యదు, ట్రైగ్లిజరైడ్లు, బీపీ పెరుగుతాయి. నాళం లోపలి పొర నుంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ తగ్గి నాళం సాగే గుణం పోతుంది. దెబ్బతిన్న గోడలోకి కొలెస్ట్రాల్ దూరి పూడిక కడుతుంది. ఇదంతా ఏళ్ళ తరబడి, నొప్పి లేకుండా జరుగుతుంది.

ఇక మన సంగతి. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫోటో వచ్చింది. పుణె యాజ్నిక్, లండన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, మనాయనకి 21.2 శాతం! అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఆసియావాళ్ళు 23 దగ్గరే జాగ్రత్త పడాలన్నారు. 2009లో మన దేశపు నిపుణులు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అన్నారు. నడుము మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటకూడదన్నారు. అయినా చాలా ఆన్‌లైన్ కాలిక్యులేటర్లు 25 దాకా పచ్చరంగే చూపిస్తాయి. వేరే క్లయింటు కోసం హార్డ్‌కోడ్ చేసిన నంబరుని మన ప్రొడక్షన్‌లో పెట్టుకున్నట్టు.

కథకి ఇంకో వైపు హైదరాబాదు దగ్గరి పల్లెల్లో ఉంది. 1987-90 మధ్య కొన్ని ఊళ్ళలో గర్భిణులకీ, చిన్నపిల్లలకీ అదనపు ఆహారం పెట్టారు, పక్క ఊళ్ళలో పెట్టలేదు. ఆ పిల్లలు టీనేజికి వచ్చాక కొలిచి చూస్తే, తిండి అందిన ఊళ్ళవాళ్ళు 14 మిల్లీమీటర్లు పొడుగ్గా ఉన్నారు, ఒంట్లో కొవ్వులో తేడా లేదు, నాళాల బిరుసుతనం మాత్రం తక్కువ. 2008లో బీఎంజేలో వచ్చిన ఫలితమిది. అంటే తిండి శత్రువు కాదు. కడుపులో ఉన్నప్పుడూ పసితనంలోనూ అందాల్సింది అందకపోవడమూ నాళాలకి చేటే. మన అమ్మమ్మల ఆదుర్దా ఉత్తదేం కాదు, ముప్ఫై ఏళ్ళు దాటినవాడి మీద చూపించడమే తిరకాసు.

2025లో వచ్చిన ఒక అధ్యయనంలో హైదరాబాదు ఐటీ ఉద్యోగులు 345 మందిని చూస్తే 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు, 71 శాతం మందికి స్థూలకాయం. ఇందరికి ఒకేసారి బద్ధకం పుట్టిందంటే నేను నమ్మను. పది గంటల కుర్చీ, అర్ధరాత్రి కాల్స్, క్యాంటీన్ సమోసాలు కలిసి చేసిన పని. కాబట్టి సిగ్గుపడ్డం దండగ. దర్జీ టేపొకటి కొని, బొడ్డు దగ్గర పెట్టి కొలుచుకోండి. మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 దాటితే బీపీ, షుగరు, లిపిడ్లు చూపించుకోండి. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా ఆ లెక్కలన్నీ మెరుగుపడతాయి.

"ఒళ్ళు జేసినవ్" అని మెచ్చుకునే పెద్దలకి ఏం జవాబు చెప్పాలో మాత్రం నాకింకా దొరకలేదు. మీకు దొరికితే చెప్పండి.