గోరు నుంచి వజ్రపు మొన దాకా: ఇంజను లైనరు గరుకుతనాన్ని కొలిచిన చరిత్ర

ప్రత్యేక సంచికకు వర్క్‌షాపు అనుభవాలు రాయమని సంపాదకవర్గం వారు కోరారు. అనుభవాలు మనందరికీ ఉన్నవే. అందుచేత ఏళ్ళ తరబడి మనం చేత్తో తడిమిన ఒక వస్తువు చరిత్ర రాద్దామనుకున్నాను. అది డీజిల్ ఇంజను సిలిండర్ లైనరు. ఇంకా చెప్పాలంటే దాని లోపలి గోడ గరుకుతనం. షాపు లోపలికి ఎన్నడూ రాని మన ఇంటివారి కోసం ముందుగా నాలుగు ముక్కలు.

పిస్టను పైకీ కిందికీ ఆడే గొట్టమే లైనరు. సాధారణంగా పోత ఇనుముతో చేస్తారు. పిస్టనుకు తొడిగిన రింగులు దాని గోడను ఒరుసుకుంటూ, పైనున్న మంట కిందికి దిగకుండా, కిందనున్న ఆయిలు పైకి పోకుండా కాపలా కాస్తాయి. గోడ మరీ గరుకైతే రింగులు అరుగుతాయి, ఆయిలు పైకి పోయి కాలుతుంది, సైలెన్సరులోంచి నీలిపొగ వస్తుంది. అద్దంలా నున్నగా ఉంటే మంచిది కదా అని కొత్తగా చేరిన కుర్రాళ్ళు అడిగేవారు. అదీ కాదు. అంత నున్నని గోడ మీద ఆయిలు నిలవదు. ఇనుముకు ఇనుము తగిలి గోడా రింగూ రెండూ గీసుకుపోతాయి. కావలసింది లెక్కప్రకారం ఉన్న గరుకు. హోనింగ్ చేసేది అందుకే. రాళ్ళు బిగించిన తల లైనరులో తిరుగుతూనే పైకీ కిందికీ కదులుతుంది కనుక, గోడ మీద నులకమంచం అల్లికలాగా ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకునే సన్నగీతలు పడతాయి. ఆయిలు నిలిచేది ఆ గీతల్లోనే.

ఇంతకీ ఆ గీతల లోతు ఎంత? మైక్రాన్ల లెక్క, అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతుల లెక్క. చాలాకాలం దీన్ని కొలిచే సాధనమే లేదు. మేస్త్రీ బొటనవేలి గోటిని గోడ మీద ఈడ్చి చూసేవాడు. పక్కనే నమూనా బిళ్ళలు పెట్టుకుని, ఏ బిళ్ళకు దగ్గరగా ఉందో చెప్పేవాడు. గోటిని తక్కువ చేసి మాట్లాడడం నాకిష్టం లేదు. మంచి చెయ్యి మైక్రాన్ల తేడాను కూడా పసిగట్టగలదు. కాని ఇద్దరు మేస్త్రీలు రెండు మాటలు చెబితే తీర్పు చెప్పేవారు ఎవరు? డ్రాయింగుల మీద ఉండే త్రిభుజాలు మనకు గుర్తే. ఒకటుంటే ముతక, మూడుంటే నునుపు. అంతకుమించి ఆ త్రిభుజం ఏమీ చెప్పేది కాదు.

మొదటి దారి జర్మనీలో పడింది. 1929లో గుస్తావ్ ష్మాల్ట్స్ సన్నని మొనను లోహం మీద నడిపించి, దాని కదలికను కాంతికిరణం సాయంతో పెద్దది చేసి చూపాడు. తరువాత అమెరికాలో ఎర్నెస్ట్ అబట్, ఫ్లాయిడ్ ఫైర్‌స్టోన్ అనే ఇద్దరు 1933లో ఒక వ్యాసం ప్రచురించారు. దాని సంగతి ముందు చెబుతాను. అబట్ 1936లో ప్రొఫైలోమీటర్ అనే యంత్రాన్ని తెచ్చాడు. ఫైర్‌స్టోన్ అంటే టైర్ల కంపెనీ అనుకోవద్దు. ఈయన ధ్వనిశాస్త్రం తెలిసిన పండితుడు. లోహంలో పగుళ్ళను అల్ట్రాసానిక్ తరంగాలతో పట్టుకునే సాధనం కూడా ఈయనదే. యాక్సిళ్ళను అలా పరీక్షించిన మన మిత్రులు ఈ పేరు ఒకసారి తలచుకోవచ్చు.

మనకు బాగా తెలిసిన పేరు మాత్రం టాలీసర్ఫ్. ఇంగ్లండులోని లెస్టర్ పట్టణంలో టేలర్, టేలర్ అండ్ హాబ్సన్ అనే కంపెనీ ఉండేది. సినిమా కెమెరాలకు పేరుపొందిన కుక్ లెన్సులు తయారుచేసింది వీరే. అక్కడ పనిచేసిన రిచర్డ్ రీజన్ రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగా, 1941లో, టాలీసర్ఫ్‌ను తయారుచేశాడు. వజ్రపు మొన గోడ మీద కొన్ని మిల్లీమీటర్లు నడుస్తుంది. దాని కదలిక విద్యుత్తుగా మారి, వేలరెట్లు పెద్దదై, కాగితం మీద గీతగా పడుతుంది. పక్కన మీటరు సగటు చూపిస్తుంది. ఆ కాగితాన్ని మొదటిసారి చూసినవారు హిమాలయాలనుకుంటారు. ఎత్తును పెంచినన్ని రెట్లు పొడవును పెంచరు కనుక అలా కనబడుతుంది. నిజానికి అవి మెల్లని వాలు గుట్టలే.

మీటరు చూపే ఆ సగటునే ఇప్పుడు ఆర్‌ఏ అంటాం. మధ్యగీతకు పైనా కిందా ఉన్న ఎత్తుపల్లాల సగటు అది. బ్రిటిషువారు సీఎల్‌ఏ అనేవారు, అమెరికావారు మైక్రో ఇంచీలలో చెప్పేవారు. 32 మైక్రో ఇంచీలంటే సుమారు 0.8 మైక్రాను. మన దేశంలో ఈ కొలతకు ఐ.ఎస్. 3073 ప్రమాణం 1967లో వచ్చింది. అప్పటికి వారణాసి డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ నుంచి మొదటి ఇంజను బయటికొచ్చి మూడేళ్ళు. 1964 జనవరిలో వచ్చిన ఆ డబ్ల్యూడీఎం-2 రకం ఇంజనులో 16 సిలిండర్లు, ఒక్కొక్కటి 9 అంగుళాల బోరు, శక్తి 2600 గుర్రాలు. కాజీపేట, గుత్తి, విశాఖపట్నం షెడ్లలో పనిచేసినవారికి దాని చప్పుడు ఇప్పటికీ చెవుల్లోనే ఉంటుంది. ఆ ఆల్కో లైనరు లోపల క్రోమియం పూత ఉండేది. ఆయిలు నిలవడానికి పూతలోనే సన్నని రంధ్రాలు కావాలని ఉంచేవారు. క్రోమ్ లైనరుకు క్రోమ్ రింగు వేయకూడదన్నది అక్కడ మొదటి పాఠం.

అంకె చేతికొచ్చాక తగాదాలు తీరిపోయాయనుకున్నారు. తీరలేదు. నేను పనిచేసిన చోట (పేరు అనవసరం) ఒక దఫా ఓవరాలింగ్ అయిన ఇంజన్లు కొన్ని వారాలకే ఆయిలు తాగుతూ తిరిగొచ్చాయి. హోనింగ్ మెషీను మీదున్న ఆపరేటరుకు మెమో ఇచ్చారు. ఆయన చూపిన చీటీల్లో ఆర్‌ఏ అంతా డ్రాయింగు అడిగిన హద్దుల్లోనే ఉంది. అయినా ఇంక్రిమెంటు ఆగింది. ఆర్నెల్లు ఆగిన ఇంక్రిమెంటు ఇంట్లో ఏం చేస్తుందో ఈ పత్రిక చదివేవారికి చెప్పనక్కరలేదు. చివరకు ఒక ప్రయోగశాలలో కాగితం గీత తీయించి చూస్తే తెలిసింది: లోతైన గీతలు లేవు, పైకి పొడుచుకొచ్చిన మొనలే ఉన్నాయి. సన్నరాయి స్టోర్సులో లేక, మధ్యరకం రాయితో ఒకే విడతలో ముగించమని పైనుంచే ఆదేశం వచ్చింది. మెమో రద్దయింది, బకాయి ఇచ్చారు. క్షమాపణ మాత్రం ఎవరూ చెప్పలేదు.

అంకె హద్దులో ఉండి ఇంజను ఎలా చెడింది? గుంతపొంగణాల పెనం తలచుకోండి. మామూలుగా పెడితే చదునైన పైభాగం, మధ్య మధ్య నూనె నిలిచే గుంతలు. బోర్లిస్తే చదును మీద బొడిపెలు. రెంటికీ సగటు ఎత్తుపల్లం ఒక్కటే. ఆర్‌ఏ అనే అంకెకు పెనం ఎటు తిరిగి ఉందో తెలియదు! లైనరుకు కావలసింది మామూలుగా పెట్టిన పెనం. మొదట ముతకరాయితో లోతుగా గీసి, తరువాత సన్నరాయితో కొద్ది విడతలు మాత్రం తిప్పి మొనలు కోసేయడాన్ని ప్లాటో హోనింగ్ అన్నారు. పూర్వం ఈ మొనలు కోసే పని రింగులే చేసేవి. బ్రిటన్‌లో కొత్త కార్ల వెనుక ‘రన్నింగ్ ఇన్’ అని కాగితం అంటించుకుని మెల్లగా నడపడం అందుకే.

ఇప్పుడు 1933 వ్యాసానికి వస్తాను. గరుకు గోడను పైనుంచి పొరపొరగా చెక్కుతూ పోతే, ఏ లోతులో ఎంత వంతు లోహం తగులుతుందో అబట్, ఫైర్‌స్టోన్ ఒక వక్రరేఖగా గీశారు. గోడ అరిగే తీరు అదే కదా. కాని కాగితం గీత నుంచి చేత్తో ఆ రేఖను లెక్కగట్టడం చచ్చేంత పని. కంప్యూటర్లు వచ్చేదాకా అది ఎక్కువగా పుస్తకాల్లోనే ఉండిపోయింది. 1990లో జర్మన్ ప్రమాణం, 1996లో అంతర్జాతీయ ప్రమాణం దాన్ని మూడు అంకెలుగా విడగొట్టాయి. ఆర్‌పీకే అంటే మొదట అరిగిపోయే మొనలు, ఆర్‌కే అంటే ఎక్కువకాలం బరువు మోసే నడిమి భాగం, ఆర్‌వీకే అంటే ఆయిలు దాచుకునే లోయలు. 1933 నుంచి లెక్కేస్తే 57 ఏళ్ళు! 2021లో ఇవన్నీ ఐ.ఎస్.ఓ. 21920 అనే కొత్త ప్రమాణంలో చేరాయి. మా ఆపరేటరుకు ఆ రోజుల్లో ఈ మూడంకెలు చేతిలో ఉంటే మెమో కాగితమే పుట్టేది కాదు.

ఇప్పుడు అరచేతిలో పట్టే యంత్రాలొచ్చాయి. 0.8 మిల్లీమీటర్ల చొప్పున అయిదు భాగాలు, మొత్తం నాలుగు మిల్లీమీటర్లు, లైనరు నిలువునా, గీతలను అడ్డంగా దాటుతూ కొలుస్తారు. పైన, మధ్య, కింద అని చాలాచోట్ల తీస్తారు. 2020 ఏప్రిల్‌లో బి.ఎస్.-6 నిబంధనలు వచ్చాక పట్టింపు ఇంకా పెరిగింది. కాలిన ఆయిలు పొగలో మసి పెంచుతుంది, దాని బూడిద ఫిల్టరును మూసేస్తుంది.

ఒక పని మాత్రం మన కాలంలో ఎలా ఉందో అలాగే ఉంది. హోనింగ్ అయిన లైనరును వేడినీళ్ళు, సబ్బుతో తోమి, తెల్లగుడ్డతో లోపల తుడిచి చూస్తారు. గుడ్డకు బూడిదరంగు అంటితే గీతల్లో రాతిపొడి ఇంకా ఉన్నట్టే, మళ్ళీ కడగాలి.