లీసెస్టర్ రాజు ఎముకలు, మిగలని మృదులాస్థి

1485 ఆగస్టు 22న బాస్వర్త్ యుద్ధంలో 32 ఏళ్ల వయసులో మరణించిన ఇంగ్లండ్ రాజు మూడవ రిచర్డ్‌ను లీసెస్టర్‌లోని గ్రేఫ్రయర్స్ మఠం చర్చిలో హడావిడిగా పూడ్చిపెట్టగా, ఎనిమిదవ హెన్రీ మఠాలను రద్దు చేశాక ఆ కట్టడం నేలమట్టమై, కాలక్రమంలో ఆ చోటు కార్ల పార్కింగ్‌గా మారింది. 2012లో లీసెస్టర్ విశ్వవిద్యాలయ పురావస్తు బృందం అక్కడ వెలికితీసిన అస్థిపంజరం ఆయనదేనని 2013 ఫిబ్రవరి 4న ప్రకటించారు. ఆ గుర్తింపులో పేరు డీఎన్ఏకే దక్కింది గాని, కాలనిర్ణయపు బరువు మోసింది ఎముకలోని ప్రోటీన్ అయిన కొల్లాజెన్.

అమైనో ఆమ్లాలు పూసల్లా కూడితే ఏర్పడే పొట్టి గొలుసును పెప్టైడ్ అనీ, పొడవుగా సాగి నిర్దిష్టమైన ఆకృతి పొందిన గొలుసును ప్రోటీన్ అనీ అంటారు. కొల్లాజెన్‌లో అటువంటి మూడు గొలుసులు జడలా అల్లుకుని ఉంటాయని 1954లో మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు. ఆ అల్లిక బిగువుకు ఖనిజపు కాపు తోడైనందున ఎముకలోని కొల్లాజెన్ శతాబ్దాలు నిలిచింది. రాజు పక్కటెముక నుంచి దానిని తీసి రెండు ప్రయోగశాలలు జరిపిన రేడియోకార్బన్ పరీక్షలు మొదట 1430–1460, 1412–1449 అనే కాలాలను సూచించాయి. రెండూ బాస్వర్త్‌కు ముందువే. సముద్రంలోని కార్బన్ గాలిలోని దానికన్నా పాతది కాబట్టి చేపలు విరివిగా తిన్నవారి ఎముకలు అసలుకన్నా పాతవిగా కనిపిస్తాయి; ఆ తేడాను సరిదిద్దితే 1455–1540 మధ్యకాలం తేలింది. పక్కటెముక కొద్ది ఏళ్లలోనే తనను తాను తిరిగి కట్టుకుంటుంది గనుక, తొడ ఎముకతో పోల్చి చూసిన పరిశోధకులు 2014లో రాజు చివరి ఏళ్ల విందుభోజనాన్ని సైతం పసిగట్టారు.

కీళ్ల మృదులాస్థి తీరు ఇందుకు పూర్తిగా వేరు. 1950, 60 దశకాల అణుపరీక్షలు గాలిలో పెంచిన రేడియోకార్బన్ ఆధారంగా 2016లో వెలువడిన అధ్యయనం, ఎదుగుదల ఆగాక మృదులాస్థిలోని కొల్లాజెన్ దాదాపు మారదని చూపింది. అక్కడ కణాలు నిత్యం మార్చుకునేది నీటిని పట్టి ఉంచే ప్రోటియోగ్లైకాన్లను. ఆ పనికి 70 అమైనో ఆమ్లాల గొలుసైన ఐజీఎఫ్-1 వంటి వృద్ధి కారకాలు కణాలను పురికొల్పుతాయి. మరోవైపు, ఫైబ్రోనెక్టిన్ అనే ప్రోటీన్ తెగినప్పుడు పుట్టే ముక్కలు అవే కణాలకు విరుద్ధ సంకేతమై, చుట్టూ ఉన్న అల్లికను కోసే ఎంజైములను విడుదల చేయిస్తాయి. ఇక కొల్లాజెన్ దాదాపు మారదు గనుక, తాగిన కొల్లాజెన్ పొడి నేరుగా వెళ్లి కీలుకు అతుకు వేస్తుందన్న ప్రచారం నమ్మశక్యం కాదు.

రిచర్డ్ కీళ్లలో ఆ మృదులాస్థి నిలిచి ఉంటే యౌవనారంభపు కార్బన్‌ను దాచి ఉండేది. అయితే ఖనిజపు కవచం లేని ఆ కణజాలం మట్టిలో కలిసిపోయింది. అందువల్ల సీటీ స్కాన్ల ఆధారంగా పాలిమర్‌తో వెన్నుపూసల నమూనాలు ముద్రించి, వాటి నడుమ ఉండి అలాగే మట్టిలో కలిసిపోయిన డిస్కుల చోటును ఎముకల ఆకారాన్ని బట్టి ఊహిస్తూ ఒకదానిపై ఒకటి పేర్చవలసి వచ్చింది. అలా నిలిచిన వెన్ను, బతికుండగా సుమారు 65–85 డిగ్రీల మేర పక్కకు వంగి, మెలితిరిగి ఉండేదని 2014లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది.